అరుపు: తుమ్మెద వంటిది

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: వంటింట్లో అమ్మ, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నాయన, మోకాలి కింద వేడి ఉప్పు మూటతో అవ్వ, మగ్గానికీ గోడకూ మధ్య సందులో నేను. ముందు గదిలో ఓబుళపతి సారు, ఆయన యంత్రం. యంత్రాన్ని ఇంట్లో ఉన్నవాళ్లలో లెక్కపెట్టవచ్చా అని అప్పట్లో నాకు సందేహం ఉండేది. ఇప్పుడు లేదు.

మాది మూడు గదుల ఇల్లు. వెనక వంటిల్లు, నడుమ మగ్గం, ముందు వానకొలతల ఉపకార్యాలయం. నేను పుట్టకముందే నాయన ముందు గదిని ప్రభుత్వానికి అద్దెకిచ్చాడు. ప్రభుత్వం అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక అధికారిని వేసింది. మా వైపు వాన పడే రోజులు తక్కువ కాబట్టి, మిగిలిన రోజుల్లో పడలేదని రాయడం ఓబుళపతి సారు పని. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా ఆయన మిద్దె ఎక్కి, వాన గిన్నెలోకి తొంగి చూసి, దిగి వచ్చి, "సున్న" అని పైకి చదువుతూ రాసేవారు. ఆ మాట వింటూనే అమ్మ పొయ్యి మీద టీ పెట్టేది.

మా ఇంట్లో గడియ ఉన్న తలుపు ఆ గదికి మాత్రమే ఉంది. మిగిలిన చోట్ల పాత చీరలు వేలాడుతుంటాయి. నేను డైరీ రాస్తానని ఇంట్లో అందరికీ తెలుసు. ఏం రాశానో కూడా తెలుసు. అవ్వకు చదవడం రాదు కనుక అమ్మ చదివి వినిపిస్తుంది. బాగున్న చోట అవ్వ మళ్లీ చదవమంటుంది. పదో తరగతికి వచ్చాక నాయన మాట ఇచ్చాడు. "ఆపీసు మండలానికి పోతాదంట మ్మే. పోతూనే ఆ గది నీదే. తలుపేసుకుని చదువుకుందువు."

ఆపీసు పోవాలని ఉత్తరువు వచ్చింది కూడా. మండలంలో కొత్త భవనం కట్టారు. కాని ఉత్తరువు కింద ఒక షరతు ఉంది. గదిలోని ప్రతి వస్తువునూ స్వీకరించిన స్థితిలోనే అప్పగించాలి. అంతవరకూ గది ఖాళీ చేయరాదు. బల్ల స్వీకరించిన స్థితిలోనే ఉంది, అప్పుడూ ఒక కాలు పొట్టిదే. కుర్చీ సరే. గిన్నె అసలు వాడినట్టే లేదు. చిక్కల్లా యంత్రంతోనే వచ్చింది.

అది పిడి ఉన్న పెట్టె. ఎక్కడికైనా ఎత్తుకుని పోగలిగే కంప్యూటర్ అని అప్పట్లో గొప్పగా చెప్పి పంపారట. సారు దాన్ని సంచార గణన యంత్రం అంటారు. బరువుగా ఉంటుందని ఆయన దాన్ని బల్ల మీద నుంచి ఎప్పుడూ కదపలేదు. ఆ మధ్య ఒక పొద్దున మీట నొక్కితే లోపల టక్కు టక్కుమని కొట్టుకుని, ఆగిపోయింది.

టౌనులో ఫోన్లు బాగుచేసే మస్తాన్‌ను పిలిపించారు. అతను నాలుగు మరలు విప్పి, లోపలినుంచి అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఇనుప బిళ్లను పన్ను పీకినట్టు పీకాడు.

"డిస్కు పోయింది సార్. ఇట్లాంటిది ఇప్పుడు యాడా దొరకదు. కెమెరాలో ఏసే కార్డు ఉండాది, దాన్ని ఈ పలక మీద కూర్చోబెట్టి లోపల పెడితే, ఈ పెట్టె అదే పాత డిస్కు అనుకుంటాది."

"అనుకొనుట వేరు, అగుట వేరు" అన్నారు సారు.

"దానికి ఆ తేడా తెలీదు సార్. అంత తెలివి లేదు దానికి."

"ప్రభుత్వ యంత్రం సమక్షంలో అలాంటి వ్యాఖ్యలు చేయరాదు."

మస్తాన్ గొంతు తగ్గించాడు. పెట్టె లోపల చీమల బారులా రెండు వరుసల సన్నని ముళ్లు ఉన్నాయి. ఒకటి వంగింది. అవ్వ దుప్పటి కుట్టే సూదితో దాన్ని నిలబెట్టాడు. పలకను మొదట తిరగేసి పెట్టాడు, ఏమీ కాలేదు. సరిగా పెట్టాక తెర నీలంగా వెలిగి, ఏదో అడిగింది.

"డిస్కును చదివే తలలు ఎన్ని అని అడుగుతాండాది సార్. పదహారు కొడతా."

"తలలా?" అన్నారు సారు. వెంటనే మూత లోపలి పక్క అంటించిన స్వీకార ధ్రువపత్రం వైపు వంగారు.

ఈ ధ్రువపత్రం గురించి చెప్పాలి. యంత్రాన్ని మొదట స్వీకరించిన అధికారి అంతకుముందు కరువు కాలపు పశువుల శిబిరంలో పనిచేశారు. స్వీకరించడం అంటే ఆయనకు తెలిసిన పద్ధతి ఒకటే. దాని ప్రకారమే రాశారు. "రంగు: తెలుపు మీద బూడిద. తలలు: ఒకటి. ఒళ్లు: వెచ్చన. బరువు: తగినంత, లోపలి బిళ్లతో సహా. అరుపు: తుమ్మెద వంటిది, ఆగకుండా. లేచే తీరు: నిదానం. పొడవదు." కింద సంతకం, ముద్ర.

"తలలు ఒకటి" అన్నారు సారు.

"కార్డుకు తలలే ఉండవు సార్. ఊరికే ఏదో ఒకటి చెప్పాల దానికి. పదహారు అంటే జాగా అంతా కనబడతాది. ఒకటంటే ఓ మూల మాత్రమే కనబడతాది."

"పదహారు తలల దాన్ని స్వీకరించిన దాఖలా ఈ జిల్లాలో లేదు. ఒకటే వెయ్యి."

మస్తాన్ ఒకటి వేశాడు. సారు తృప్తిగా కూర్చోబోయి మళ్లీ లేచారు.

"అయితే మిగిలిన జాగా?"

"ఊరికే ఉంటాది సార్."

"ఎవరి స్వాధీనంలో?"

సారు ఆ సాయంత్రమే పైకి లేఖ రాశారు. సదరు కార్డులో పదిహేను వంతుల మిగులు జాగా వెలుగుచూసినదనీ, అది ఆక్రమణకు గురికాకుండా తగు చర్యలు తీసుకున్నామనీ. తగు చర్య ఏమిటంటే, 'ప్రభుత్వ స్థలం' అని చీటీ రాసి కార్డుకు అంటించడం. కార్డు బొటనవేలి గోరంత ఉంది కాబట్టి 'ప్ర' వరకే పట్టింది.

మస్తాన్ మీట నొక్కాడు. నొక్కీ నొక్కక ముందే యంత్రం లేచి, ఈ రోజు తేదీ ఎంత అని అడిగింది.

"నేనింకా కూర్చోలేదు" అన్నారు సారు.

"కొత్త కార్డు కదా సార్, తొందరగా లేస్తాది."

"చప్పుడేది?"

"దీంట్లో తిరిగేది ఏమీ లేదు సార్. చప్పుడు రాదు. వేడి కూడా ఎక్కదు. ఇంక మీకు చింతే లేదు."

సారు ముఖం పాలిపోయింది. చప్పుడు లేదు, వేడి లేదు, నిదానం లేదు. ఆయన వాన గిన్నెలోకి చూసినట్టు పెట్టెలోకి చాలాసేపు చూశారు. "ఇది బాగుపడింది. స్వీకరించిన స్థితిలో లేదు" అన్నారు చివరికి.

నాయన మగ్గం ఆపి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. "అయితే గది, సార్?"

"తిప్పన్నా, బాగుపడిన యంత్రాన్ని అప్పగిస్తే నా పింఛను ఆగిపోతుంది. ముందు దీన్ని యథాస్థితికి తేవాలి. తనిఖీ అధికారి వచ్చేలోగా."

ఆ రోజునుంచి మా ఇంటిల్లిపాదీ దాన్ని యథాస్థితికి తేవడంలో పడ్డాం. గది కోసం కనుక ఎవరూ కాదనలేదు.

ముందు రంగు. పెట్టె పసుపురంగుకు తిరిగి ఉంటే అమ్మ పళ్లపొడితో తోమింది. తెల్లబడలేదు కాని మంచి వాసన వచ్చింది. తర్వాత బరువు. నాయన పట్టు తూచే త్రాసులో ఒక తట్టలో పాత డిస్కు, ఇంకో తట్టలో కార్డు పెడితే, కార్డు తట్ట సారు ముక్కుదాకా ఎగిరింది. సరిపెట్టడానికి మగ్గం దారాలను కిందికి లాగి పట్టుకునే ఇనుప కడ్డీలు తీసుకున్నారు.

"సార్, అవి తీస్తే కొంగు మీద నెమలికి తోక రాదు" అన్నాడు నాయన.

"తోక సంగతి ధ్రువపత్రంలో లేదు."

ఆ చీర కట్టుకున్న పెళ్లికూతురు ఎవరో నాకు తెలియదు. ఆమె కొంగు మీద ఇప్పటికీ నెమళ్లు బాతుల్లా ఉంటాయి.

వేడి కోసం సారు, అవ్వ మోకాలి కింది ఉప్పు మూట తీసి పెట్టె కిందికి చేర్చారు. "నా మోకాలో?" అంది అవ్వ. సారు మోకాలు స్వీకరించిన స్థితి గురించి తమ కార్యాలయంలో వివరాలు లేవన్నారు. అవ్వ ఆ రోజంతా ఆయన్ను పేరు పెట్టకుండా తిట్టింది. నిదానం కోసం, సారు టీ తాగడం అయ్యేదాకా పెట్టె మీద దుప్పటి కప్పి ఉంచాలని తీర్మానించారు. దుప్పటి కింద అది ఎప్పుడు లేచినా ఎవరికీ తెలియదు.

చివరికి అరుపు మిగిలింది.

మస్తాన్ ఫోన్లో తుమ్మెద చప్పుడు వినిపించాడు. ఫోను ప్రైవేటు ఆస్తి కనుక కుదరదన్నారు సారు. అవ్వ నిజం తుమ్మెదనే పట్టించి అగ్గిపెట్టెలో పెట్టింది. అది మధ్యాహ్నం అన్నం వేళకు నిద్రపోయింది. ధ్రువపత్రంలో 'ఆగకుండా' అని ఉంది. సారు తల పట్టుకుని కూర్చున్నారు. ఉన్నట్టుండి తల ఎత్తారు.

"తిప్పన్నా, ఆ శబ్దం ఎక్కడిది?"

నేను సందులో కూర్చుని సాంఘికశాస్త్రం బట్టీ పడుతున్నాను. బడిలో పైకి చదవమంటే నాకు గొంతు రాదు. ఇంట్లో కూడా పెదవులు కదలకుండా లోపలే గొణుక్కుంటాను. నేలసారం గురించి మూడో పేజీలో ఉన్నాను.

"అది మా చౌడేశ్వరి సార్. చదువుకుంటాంది" అంది అమ్మ.

సారు చీర పక్కకు తీసి నన్ను చూశారు. పదహారేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నా, అలా చూడడం అదే మొదలు.

"ఆగకుండా ఎంతసేపు చేయగలదు?"

"అన్నం తినేటప్పుడు తప్ప ఆగదు. రెండేళ్లప్పటి నుంచి అంతే. దీని నోట్లో నుంచి మాట బయటికి వచ్చేది తక్కువ, లోపల తిరిగేది ఎక్కువ" అంది అవ్వ. మెచ్చుకోలుగానే అంది.

నేను కాదనడానికి నోరు తెరిచాను. నాయన నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "తనికీ అయ్యేంతసేపే గదమ్మే. బల్ల కింద కూర్చో, నీ పాటికి నువ్వు చదువుకో. ఆయన సంతకం పెట్టి పోతానే గది నీదే." నేను నోరు మూసుకుని, మళ్లీ నేలసారంలోకి పోయాను.

తనిఖీ అధికారి విరూపాక్షయ్య గారు జీపులో వచ్చారు. సన్నటి మనిషి, చంకలో తోలు సంచి. నాయనను మగ్గం ఆపమన్నారు. అమ్మ బల్ల చుట్టూ తన పెళ్లి చీర వేలాడదీసింది. నేను దాని వెనక కాళ్లు ముడుచుకుని కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టాను. ఓబుళపతి సారు టీ తాగారు, దుప్పటి తీశారు.

విరూపాక్షయ్య గారు ధ్రువపత్రం చదువుతూ ఒక్కొక్కటే చూశారు. మునివేళ్లతో పెట్టె వెచ్చదనం చూసి, "వెచ్చన, ఉన్నది" అన్నారు. చెవి ఆనించి విన్నారు. "తుమ్మెద వంటిది, ఉన్నది." ఇంకోసారి విన్నారు. "ఎర్రనేలలు అంటున్నదేమిటి?"

నేను మాట కలవకుండా గొణిగాను. ఆలస్యమైపోయింది. ఆయన చీర ఎత్తారు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నేను గొణగడం ఆపలేదు. ఆపితే గది పోతుంది.

"ఓబుళపతి గారూ, ఈ శబ్దం అంతర్గతమా, బహిర్గతమా?"

"బహిర్గతం, అయ్యా. కాని యంత్రానికి అనుబంధం."

విరూపాక్షయ్య గారు ధ్రువపత్రం మళ్లీ చదివారు. అరుపు ఎక్కడినుంచి రావాలో అందులో రాయలేదు. "సరే" అన్నారు. మరలు విప్పించి లోపల చూశారు. ఇనుప కడ్డీలు, పక్కనే 'ప్ర' అని చీటీ ఉన్న కార్డు. కార్డును చిటికెన వేలితో చూపించారు.

"ఇది?"

"కొత్త డిస్కు సార్" అన్నాడు గడప దగ్గర నిలబడ్డ మస్తాన్.

"ధ్రువపత్రంలో దీని ప్రస్తావన లేదు. పైగా మిగులు జాగా కలిగి ఉన్నట్టు మాకు లేఖ అందినది. తక్షణం తొలగించవలెను."

"అది తీస్తే ఇంక పెట్టె లేనట్టే సార్. పనిచేసేది అదే గదా."

విరూపాక్షయ్య గారికి కోపం రాలేదు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు. "చూడు నాయనా. బరువు ఈ కడ్డీలది. వేడి ఆ మూటది. నిదానం దుప్పటిది. అరుపు ఈ బాలికది. నీ కార్డుది ఏది?"

మస్తాన్ ఆలోచించాడు. "గ్యాపకం, సార్."

"జ్ఞాపకం అని ఎక్కడున్నది?"

అందరం మూత వైపు చూశాం. ఎక్కడా లేదు. మస్తాన్ కార్డు పీకి జేబులో వేసుకోబోయాడు. ప్రభుత్వ స్థలం కనుక సారు తీసేసుకున్నారు. తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చి, ఆరిపోయింది. ధ్రువపత్రంలో తెర ప్రస్తావన కూడా లేదు.

"అన్ని లక్షణాలూ సరిపోయినవి" అన్నారు విరూపాక్షయ్య గారు కలం తీస్తూ. "అయినను, కార్యాలయ ప్రయోజనం దృష్ట్యా ఒక్క ప్రశ్న వేయుట ఆనవాయితీ." ఆయన పెట్టె వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు. "కిందటి ఏడు ఆషాఢంలో వర్షపాతమెంత?"

పెట్టె ఏమీ అనలేదు. ఓబుళపతి సారు నుదురు తుడుచుకున్నారు. నా గొణుగుడు దానంతటదే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక్కొక్కరే వంగి బల్ల కిందికి చూడడం మొదలుపెట్టారు. నాయన, అమ్మ, మస్తాన్, మోకాలు పట్టుకుని అవ్వ కూడా. అంతమంది చూస్తుంటే తెలియదని చెప్పే ధైర్యం నాకు లేదు. మా ఊళ్లో తప్పు కావడానికి వీల్లేని జవాబు ఒక్కటే తెలుసు.

"సున్న" అన్నాను.

"అంతకు ముందు ఏడు?"

"సున్న."

"కాస్త ఆగి, ఆలోచించి చెబుతున్నది" అన్నారు విరూపాక్షయ్య గారు, రాసుకుంటూ. "లేచే తీరు: నిదానం. దుప్పటి అక్కరలేదు." సంతకం పెట్టి ముద్ర వేశారు. ఓబుళపతి సారు కళ్లలో నీళ్లు తిరిగాయి. పింఛను దక్కిన మనిషి కళ్లు అలా ఉంటాయని నేను అంతకుముందు చూడలేదు.

నేను బల్ల కింద నుంచి బయటికి పాకాను. నాయన చేతులు కట్టుకుని, "అయితే గది కాళీ చేస్తారా సార్?" అన్నాడు.

"నిస్సందేహంగా. పనిచేయుచున్న యంత్రం, దాని భాగాలతో సహా, మండలానికి తరలించబడును."

అమ్మ ముందుగా అర్థం చేసుకుంది. నా చెయ్యి పట్టుకుంది.

"పిల్లను యాడికీ పంపేది లేదు. పెట్టె కావాలంటే తలమీద పెట్టుకోని పో నాయనా" అంది అవ్వ.

"ప్రధాన భాగం లేని పెట్టెను తీసుకుని మేమేం చేయాలి?" విరూపాక్షయ్య గారు నిజంగానే ఇబ్బంది పడ్డారు. అటూ ఇటూ నాలుగు అడుగులు వేశారు. వేయగా వేయగా ముఖం విప్పారింది. "ప్రధాన భాగం కదలదు కనుక యంత్రం కదలదు. యంత్రం కదలదు కనుక యంత్రపు గది కదలదు. అధికారికి అట్టి ఇబ్బంది లేదు. ఓబుళపతి గారూ, మీరు కుర్చీ తీసుకుని మండలానికి వెళ్లండి. ఈ గది నేటినుండి ప్రధాన భాగానికి కేటాయించడమైనది."

నాయన ఆ మాటలు ఒకటికి రెండుసార్లు లోపల తిప్పుకున్నాడు. "అంటే గది చౌడేశ్వరికే వచ్చినట్టు గదా సార్?"

"దానికే."

నాయన నా తల నిమిరాడు. నాకూ ఒక్క క్షణం సంతోషమే వేసింది. అబద్ధం చెప్పను.

"బడికి పోవాల గదా?" అంది అమ్మ.

"కార్యాలయ వేళల్లో యంత్రం గదిలో ఉండవలెను. తక్కిన వేళల్లో మాకు అభ్యంతరం లేదు."

"బడీ ఆ వేళల్లోనే సార్. ఈ ఏడు పదో తరగతి. ముందర పరీచ్చలు ఉండాయి."

"ఇక్కడే చదువుకోనివ్వండమ్మా. చదివితేనే కదా శబ్దం వచ్చేది. చదువూ సాగుతుంది, యంత్రమూ నడుస్తుంది. ఇంతటి అనుకూలత మా శాఖలో ఇంకెక్కడా లేదు." ఆ అనుకూలతకు ఆయనే ముగ్ధులయ్యారు. మిగిలిన ఉపకార్యాలయాలకు కూడా ఈ పద్ధతి సిఫారసు చేస్తామన్నారు.

ఓబుళపతి సారు కుర్చీ ఎత్తుకున్నారు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, పెట్టె మీద దుమ్మును రుమాలుతో తుడిచి వెళ్లారు. అవ్వ తన ఉప్పు మూట కోసం చెయ్యి చాపింది. అది యంత్ర భాగమని చెప్పి ఆమెను బయటికి నడిపించారు. నాయన కడ్డీల కోసం అడగనే లేదు. అమ్మ తన పెళ్లి చీర విప్పి మడతపెట్టుకుంటూ, నా వైపే చూస్తూ, వెనక్కి వెనక్కి నడిచింది. గదిలో పొట్టి కాలి బల్ల, పెట్టె, నేను మిగిలాం.

విరూపాక్షయ్య గారు తలుపు రెక్క పట్టుకుని, బయటి పక్క గడియను అటూ ఇటూ ఆడించి చూస్తున్నారు. అధికారులతో నేను అంతవరకూ నా అంతట నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అయినా అడిగాను.

"సార్, గడియ లోపలి పక్క నేనే వేసుకుంటా గదా?"

ఆయన ఆగారు. వాకిట్లో కుర్చీతో నిలబడ్డ ఓబుళపతి సారు వైపు తిరిగారు.

"ప్రశ్నించు గుణం ధ్రువపత్రంలో ఉన్నదా?"

సారు ఆ కాగితాన్ని తలచుకుంటూ కాసేపు కళ్లు మూసుకున్నారు.

"లేదండి."

"అయితే మనకు వినబడలేదు" అని విరూపాక్షయ్య గారు తలుపు మూశారు.